ఎడమ చెయ్యి కొంచెం టైటు

శుక్రవారం మధ్యాహ్నం నమాజు చదివి వచ్చి షాపు షట్టరు ఎత్తుతుంటే ఫోన్ మోగింది. ఖమ్మం దవాఖానా నుంచి అక్క బిడ్డ. "మామా, అమ్మ పోయింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. షట్టరు సగం వరకు లేచి ఉంది. పైకి ఎత్తాలో కిందికి దించాలో తోచక కాసేపు అలాగే పట్టుకొని నిలబడ్డాను.

అక్క నాకు తోడబుట్టింది కాదు. పాల్వంచలో మా వీధి చివర ఇల్లు ఆమెది. ప్రతి ఆదివారం చర్చికి పోతూ మా గుమ్మం ముందు ఆగి ఏదో ఒకటి అని నవ్వించి పోయేది. నేను లేడీస్ టైలర్ని. ఆమె పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన దగ్గర్నుంచి జాకెట్లన్నీ నేనే కుట్టాను. పేరు చెబితే మీకు తెలియకపోవచ్చు. సీరియల్లో పెద్దత్త అంటే గుర్తుకొస్తుంది. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ, పళ్ళెం వైపు చెయ్యి చాపగానే జాకెట్ బిగుసుకొని ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయే లావుపాటి పెద్దత్త. ఆమే మా అక్క.

సాయంత్రానికల్లా ఊళ్ళో ప్రతి ఫోన్ గ్రూపులోనూ అదే క్లిప్పు. చెయ్యి ఇరుక్కోవడం, లడ్డు అందకపోవడం, వెనక నవ్వుల చప్పుడు. దాని కింద ఒకరు దండం బొమ్మ పెడితే నలుగురు పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి పోయిన రోజునైనా ఆ చెయ్యిని వదలరా? ఫోన్ విసిరికొట్టబోయి ఆగాను. ఎందుకంటే ఆ చెయ్యి అలా ఇరుక్కోవడానికి కారణం నేనే. అది కాక ఇంకొకటి కూడా చేశాను. రెండూ చెప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేట్టు లేదు.

అక్క భర్త థర్మల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. కంపెనీ కాలనీ క్లబ్బులో ఉద్యోగులు ఏడాదికొక నాటకం వేసేవారు. ఒకసారి ఆడవేషానికి మనిషి దొరక్క ఈమెను బతిమాలి స్టేజీ ఎక్కించారు. కొడుకును పోగొట్టుకుని ఏడ్చే తల్లి పాత్ర. ఏడ్చింది. జనం నవ్వారు.

"నేను నిజంగనే ఏడ్చిన తమ్మీ. ముందు వరుసల ఇంజినీరు సారు భార్య కడుపు పట్టుకొని నవ్వుతున్నది. ఇగ గప్పుడు సమజైంది, నా మొఖం ఎందుకు పనికొస్తదో" అని ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ మేమూ నవ్వేవాళ్ళం. ఏడవాలని పోయిన మనిషిని చూసి నవ్వడం సిగ్గుమాలిన పని అని మాలో ఒక్కరికీ తట్టలేదు.

భర్త పోయాక బిడ్డ చదువు కోసం హైదరాబాదు బస్సెక్కడం మొదలుపెట్టింది. సినిమాల్లో పనిమనిషి, పక్కింటి గయ్యాళి, బస్సులో ఇద్దరి సీటు ఆక్రమించే ఆడమనిషి. రెండు రోజుల పని, రెండు ముక్కల మాట. ఆ రెండు ముక్కలకు కూడా వేరే ఎవరి గొంతో పెట్టేవారు. పెద్దింట్లో అంట్లు తోమే మనిషికి కూడా మన యాస పనికిరాదని వాళ్ళ లెక్క. షాపులో టీవీలో ఆ సినిమా వస్తే అక్క కుర్చీ జరుపుకొని చూసేది. "నోరు నాది, మాట ఎవలదో. జాకెట్ మాత్రం నీదే తమ్మీ" అనేది. ఒక్కసారన్నా నా గొంతుతో నేను మాట్లాడాలె అని కూడా అనేది, కానీ అది మెల్లగా, ఎటో చూస్తూ అనేది.

సీరియల్ అవకాశం వచ్చిన వారం నాకు పెళ్లిళ్ల గిరాకీ. పొద్దున్నే బస్సు ఉందంటే ఆమె ఎర్ర జాకెట్టు జల్దీ జల్దీ కుట్టి ఇచ్చాను. ఎడమ చంక దగ్గర అర అంగుళం తక్కువ పడింది. ఆమె బస్సెక్కాక కటింగ్ బల్ల మీద మిగిలిన ముక్క చూసి నాలుక కరుచుకున్నాను. రెండు రోజులకు ఫోన్ వచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడి ఎత్తాను.

"తమ్మీ, లడ్డుకు చెయ్యి చాపిన, ఇరుక్కున్నది! డైరెక్టరు సారు కట్ చెప్పుడు మరిచిపోయి నవ్వుకుంట కూలబడ్డడు. ఇంకో రెండు జాకెట్లు కుట్టు. ఎడమ చెయ్యి గట్లనే కొంచెం టైటు పెట్టు. కుడి చెయ్యి మంచిగుండాలె."

అప్పటి నుంచి ఆమె జాకెట్లన్నీ ఆ తప్పుతోనే కుట్టాలి. నా బాధ టైలర్లకే అర్థమవుతుంది. కొలత తప్పని చెయ్యి అని నాకు ఊళ్ళో పేరు. ఇప్పుడు వచ్చిన ప్రతి ఆడమనిషీ "మాస్టరూ, మా చేతులు పెద్దత్త చేతుల్లెక్క కుట్టకు" అని నవ్వడమే. ఒకరోజు తట్టుకోలేక అడిగాను.

"అక్కా, సరిగ్గనే కుడత. నువ్వే ఇరుక్కున్నట్టు చెయ్యరాదు?"

"చేస్తే నవ్వరు తమ్మీ. గుడ్డ నిజంగ పట్టుకోవాలె. నేను నిజంగ కొట్లాడాలె. మనం నవ్వించాలని చూస్తున్నట్టు కనబడ్డదా, అయిపాయె." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. గుండీకి ఖాజా కుట్టేటప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ రోజు నుంచి ఆ తప్పును జాగ్రత్తగా కుట్టాను.

పేరు వచ్చాక అసలు తంటా మొదలైంది. ఆమెకు షుగరు. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు. బోనకల్‌లో తెలిసినవాళ్ళ పెళ్ళికి మేమంతా కలిసి పోయాం. కూర్చుందో లేదో ముగ్గురు ఆడవాళ్ళు జిలేబీ పళ్ళెం తెచ్చి ఒళ్ళో పెట్టారు. "టీవీల తిన్నట్టు తినత్తమ్మా" అని ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. తిన్నది. చెయ్యి ఇరుక్కున్నట్టు కూడా చేసి చూపించింది. తిరుగు బస్సులో చెమటలు పట్టి కిటికీకి తల ఆనించి కూర్చుంటే నేను కోప్పడ్డాను.

"తినకపోతే పొగరెక్కిందంటరు తమ్మీ. వాళ్ళు చూస్తెనే గదా నాకు పని."

డాక్టరమ్మ బరువు తగ్గమని ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. ఒళ్ళు తగ్గితే పని పోతుంది. అది నిజమే.

రెండేళ్ళు నడిచాక కథలోకి ఎవరో కొత్త విలన్ వచ్చాడు. ఇంట్లో మనుషులు ఎక్కువయ్యారని పెద్దత్తను ఊరికి పంపించేశారు. సీరియల్ మేనేజరు ఫోన్‌లో తీయగా మాట్లాడాడు. "మీ పాత్రను చంపలేదమ్మా, ఊరికి పంపించాం అంతే. ఎప్పుడైనా పిలుస్తాం. కంటిన్యుటీ మాత్రం జాగ్రత్త. జుట్టు, ఒళ్ళు ఇప్పుడున్నట్టే ఉంచుకోండి."

వాడు ఫోన్ పెట్టేసి మరో పనిలో పడిపోయి ఉంటాడు. ఈమె మాత్రం మూడేళ్ళు ఆ మాటను దేవుడి వాక్యంలా పట్టుకుంది. మూడు నెలలకోసారి ఎర్ర జాకెట్టు తెచ్చి అద్దం ముందు తొడిగి చూసుకునేది. పండక్కి కూడా వేసుకునేది కాదు. భద్రాచలం అవతల అడవి ఊళ్ళల్లో సినిమా తీస్తున్న కుర్రవాళ్ళు కొందరు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. నవ్వించే పాత్ర కాదు, ముసలి తల్లి. గొంతు కూడా మీదే ఉంచుతామన్నారు. కాకపోతే జుట్టు కత్తిరించాలి. వద్దని పంపించేసింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా అక్కా? ఇన్నేండ్ల సంది అడుగుతున్నది గిదే గదా!" అని షాపులో అందరి ముందు అరిచాను.

"జుట్టు పోతే కంటిన్యుటీ పోతది తమ్మీ. రేపే పిలుస్తరేమో" అంది. ఆ మేనేజరు ఎదురుగా ఉంటే కత్తెరతో ఏం చేసేవాడినో నాకే తెలియదు. అక్క మీద కూడా కోపమే వచ్చింది. వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

పోయిన చలికాలం జాకెట్ చూపించడానికి వచ్చినప్పుడు టేపు చుడితే ఛాతీ రెండు అంగుళాలు తగ్గింది. నెల తర్వాత ఇంకో రెండు. తిండి మానలేదు, నడక మొదలుపెట్టలేదు. టేపు చుట్టి పక్కన పెట్టాను.

"దవాఖానకు పోదాం పా అక్కా."

"పోదాంలే. మొన్న మేనేజరు మాట్లాడిండు, వచ్చే షెడ్యూల్ల పిలుస్తమన్నడు. గిట్ల చూస్తే వేరేటోళ్ళను పెట్టుకుంటరు. లోపల దూది పెట్టి కుట్టు తమ్మీ. బిడ్డకు చెప్పకు, భయపడతది."

అరగంట వాదించాను. తర్వాత కుట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా జన్మలో అంత మంచి జాకెట్ కుట్టలేదు. ఏళ్ళ తరబడి తప్పు కుట్టించుకున్న మనిషి మొదటిసారి నా పనితనం అడిగింది. దూది పొరలు పొరలుగా పరిచి, ఎక్కడా ఉండ కట్టకుండా, భుజం నుంచి చంక దాకా సన్నటి కుట్లు వేశాను. చీరతో చూస్తే ఎప్పటి పెద్దత్తే. అద్దంలో చూసుకొని ఆమె ఎంత మురిసిందో, ఆమెను చూసి నేనూ అంత మురిశాను. మామూలు జాకెట్లు కూడా రెండు అలాగే కుట్టించుకొని ఆదివారం చర్చికి, బిడ్డ ఉద్యోగం ఊరి నుంచి వచ్చినప్పుడు అవే తొడిగింది. అక్కను ఆపా అని పిలిచే మా ఇంటామెకు ఒక్కదానికే అనుమానం వచ్చింది.

"ఆపా మొఖం పీక్కపోయింది. ఒళ్ళు మాత్రం గట్లనే ఉన్నదేంది?"

"వయసు" అన్నాను.

నాలుగు నెలలు అలా గడిచాయి. చర్చి మెట్ల మీద కళ్ళు తిరిగి పడితే ఖమ్మం తీసుకెళ్ళారు. కడుపులో గడ్డ, బాగా ముదిరింది. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్ళమని డాక్టరు అన్నాడట. ఆ నాలుగు నెలలనూ కుట్టింది ఎవరో నాకు తెలుసు.

శవాన్ని ఇంటికి తెచ్చాక స్నానం చేయించి కొత్త చీర కట్టడానికి ఆడవాళ్ళు లోపలికి పోయారు. కాసేపటికి అక్క బిడ్డ బయటికి వచ్చింది. అమ్మకు తొడగడానికి బీరువాలోంచి తీసిన జాకెట్టు చేతిలో తిరగేసి ఉంది. లోపలి దూది, నా కుట్లు పైకి కనిపిస్తున్నాయి.

"మామా, ఇది నీ కుట్టేనా?"

"అవ్ బిడ్డా."

"ఎన్నడు కుట్టినవ్?"

చెప్పాను. ఆమె జాకెట్టును సరిగా తిప్పి, మడిచి, చంకలో పెట్టుకొని లోపలికి పోయింది. పాస్టరుగారి ప్రార్థన అవుతున్నంతసేపూ నేను గేటు బయటే నిలబడ్డాను.

మరునాడు మేనేజరుకు ఫోన్ చేశాను. ఒక్క రోజు సీరియల్ మొదట్లో ఆమె ఫొటో వేయమని అడుగుదామని. "అయ్యో, మంచి ఆర్టిస్టండీ" అన్నాడు. తర్వాత "ఫొటో వేస్తే చూసేవాళ్ళు డిస్టర్బ్ అవుతారండీ. కథలో ఆవిడ ఊళ్ళోనే ఉన్నారు కదా. అలాగే ఉండనిద్దాం" అన్నాడు. నేను ఏదో అనేలోపే లైను కట్ చేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

పోయిన వారం సాయంత్రం అక్క బిడ్డ షాపుకు వచ్చింది. ఆ రోజు తర్వాత నాతో మాట్లాడటం అదే మొదలు. ఆఫీసుకు వేసుకోవడానికని రెండు జాకెట్ల గుడ్డ బల్ల మీద పెట్టింది. కొలతకు ఆది జాకెట్ తెచ్చింది. నేను సుద్దముక్క తీసుకొని గుడ్డ మీద గీతలు గీయడం మొదలుపెట్టాను. మా ఇంటామె చాయ్ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. టీవీ దాని పాటికి అది మోగుతోంది. అది సీరియల్ టైమని నాకు గుర్తు లేదు.

తలెత్తేసరికి తెర మీద ఇంటి కోడలు ఫోన్ చెవికి పెట్టుకొని ఉంది. "పెద్దత్తా! ఎలా ఉన్నావు? ఎన్నాళ్ళయింది నీ గొంతు విని! ఎప్పుడొస్తున్నావు?"

సుద్దముక్క పక్కన పడేశాను. రిమోట్ కోసం వెతికాను. గుడ్డల కింద ఎక్కడో దొరికింది. నొక్కబోతుంటే అక్క బిడ్డ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్ మామా" అంది, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "అమ్మ ఏం చెప్తున్నదో విననియ్."

తెర మీద ఆ పిల్ల ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకొని, ఊఁ, ఊఁ అంటూ, అవతలి మాట వింటున్నట్టు చాలాసేపు తల ఊపుతూనే ఉంది.