గురప్ప మడమ

మడమ కింద నల్లమచ్చను గురప్ప చాన్నాళ్లు లెక్కచేయలేదు. అమ్ఘరా పాత ఇనుము యార్డులో మేకు దిగని కాలు ఎవరికుంది? రాయచోటి దగ్గర వేరుశనగ చేను వరసగా ఎండిపోతే కువైట్ వచ్చి, అప్పటినుంచీ ఇనుము కోస్తున్నాడు. మచ్చ పుండై చెప్పు తడుస్తుంటే ఆసుపత్రికి సెలవడిగాడు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, "బుక్రా" అన్నాడు. ఆ రేపు రావడానికి ఎండాకాలమంతా పట్టింది.

2011 చలికాలంలో పుండు ముక్క కోసి చూసి చర్మం కేన్సర్ అన్నారు. అప్పటికే గజ్జల్లోకి పాకింది. ముక్కలో కొంత పరిశోధనకు ఇస్తావా అని అడిగితే, "నాకెందుకది, తీసుకోండి" అన్నాడు.

కొన్ని వారాలకు పరిశోధనశాలలో పనిచేసే సత్యశ్రీ అతన్ని చూడవచ్చింది. అమలాపురం పిల్ల. తెలుగాయన అని తెలిసి ఉండబట్టలేక వచ్చింది.

"నా ముక్కలో ఏముందమ్మా?" అన్నాడు గురప్ప.

"మైక్రో ఆర్‌ఎన్‌ఏలని సన్నటి పోగులుంటాయండి బాబాయ్ గారూ. ఫలానాది తయారు చెయ్యమని జన్యువు కణంలోకి కబురు పంపుద్దండి. ఈ పోగులు ఆ కబురుని దారిలోనే పట్టుకుని నోరు నొక్కేస్తాయి. మీ పుండులో 'పెరుగు' అనే కబురుని నొక్కే పోగులు తగ్గిపోయాయండి. 'ఆగు' అనే కబురుని నొక్కేవేమో ఎక్కువైపోయాయి."

గురప్ప మంచం మీద ముందుకు వంగాడు. "అట్లయితే తగ్గినేటివి సూదిలో ఎక్కిస్తే సరిపాయ గదా?"

ఆ పిల్ల కళ్లు దించుకుంది. "ఇంకా అందాకా రాలేదండి. ఎలకల మీద చూత్తన్నారు."

"ఎలకలకే ముందా!" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

కఫీల్ ఒక్కసారి వచ్చి, మంచం దగ్గర నిలబడే, "ఖలాస్, ఊరికి పో" అన్నాడు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దు చేయించాడు.

గురప్ప భార్య ఓబులమ్మ సాల్మియాలో ఒకరింట్లో పనిచేసేది. ఒకే దేశంలో ఉన్నా పండక్కోసారి చూసుకుంటే గొప్ప. అతన్ని సాగనంపడానికి విమానాశ్రయానికి పంపమని ఆ ఇంటి యజమానురాలు 'మామా' కాళ్లావేళ్లా పడింది. ఇంట్లో విందుందని మామా వినలేదు. చివరికి ఫోనులోనే పలకరించింది.

"కాలెట్లుండాది?"

"మానిపోతాదంట."

"అబద్ధం చెప్తాండావు."

"నిజం చెప్తే నువ్వొస్తావా? రానియ్యరు గదా."

అవతల ఎవరో కేకేశారు. ఓబులమ్మ ఫోను పెట్టేసింది.

రాయచోటిలో తమ్ముడింట వసారాలో మంచం వేశారు. అంటుకుంటుందని మరదలు అతని కంచం వేరుగా పెట్టింది. నొప్పికి అరుస్తుంటే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేవారు. వేసవి ముదరకముందే పోయాడు.

ఓబులమ్మకు కబురు అందేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. మామా విని, పాపం అని నిట్టూర్చి, ఆ పూటకు వంట మాత్రం తప్పించింది. గిన్నెలు ఓబులమ్మే తోమింది.