లాట్వియా టీచరమ్మ బుగ్గలు

మా పక్కింటి లాట్వియా టీచరమ్మకి ఎవరితో మాట్లాడుతున్నా రెండు వేళ్ళతో బుగ్గల్ని చెవులవైపు లాగి పట్టుకోవడం అలవాటు. యుద్ధకాలంలో తల్లి చంకనెక్కి దేశం దాటిన ఆవిడ, అనకాపల్లి మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది.

ఏటా నవంబరులో వాళ్ళ దేశపు స్వాతంత్ర్య దినాన కిటికీలో కొవ్వొత్తులు వెలిగించేది. మా క్రిస్టియన్లకి నవంబరు కొవ్వొత్తులంటే పోయినవాళ్ళకి వెలిగించే సమాధుల పండగే. మొదటిసారి చూసి, ఎవరో పోయారనుకుని మా అమ్మ ఏడుపు మొహంతో పరామర్శకి వెళ్ళింది. కేకు తిని వచ్చింది.

యుద్ధంలో పోయిన స్వాతంత్ర్యాన్ని ఆ దేశం మళ్ళీ తెచ్చుకున్న పదేళ్ళ తర్వాత ఆవిడకి అక్కడికి వెళ్ళే వీలు చిక్కింది. వెంటనే ముడతలు పోయేలా మొహం చర్మం లాగి కుట్టించుకునే ఫేస్‌లిఫ్ట్ బెంగ పట్టుకుంది. విశాఖ డాక్టరు రెండు రకాలున్నాయన్నాడట. చిన్నది బుగ్గలకే, పెద్దది మెడతో సహా. మా అమ్మ ముందు కూర్చుని రెండూ లాగి చూపించింది.

"ఏది బాగుంది? అక్కడున్న మా పిన్ని నన్ను గుర్తుపట్టాలి కదా!"

అమ్మ బియ్యం ఏరుతూనే, "ఆవిడ మిమ్మల్ని సూసింది సంకలో ఉన్నప్పుడు కదేటి టీచరమ్మా! అంతెనక్కి లాగాలంటే తోలు సాలుద్దేటి?" అంది.

టీచరమ్మ వేళ్ళు తీసేసింది. బుగ్గలు జారి తమ చోటికొచ్చాయి.

ఆ సాయంత్రం కిటికీలో ఒక్క కొవ్వొత్తి వెలిగింది. అమ్మ పరుగెత్తింది.

"ఇయాల మీ పండగ కాదు కదా! ఈసారి నిజంగానే ఎవులైనా పోయేరేటి?"

"పోయింది నా ఫేస్‌లిఫ్ట్. కాస్త ఏడ్చి, కేకు తిని వెళ్ళమ్మా."