దాహం అన్నదెవరు?

తెనాలిలో నాది సైకిల్ కొట్టు. బడి చదువు లేదు. పొట్లాల కాగితాల దగ్గర్నుంచి దొరికిందల్లా చదివాను. ఎవడైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే పంక్చరు వదిలేసి వాదనకి దిగేవాణ్ణి. దేవుడికీ అదే మర్యాద. అలాంటివాడికి జరగాల్సింది కాదిది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డెబ్భైల్లో ఉప్పెన వచ్చినప్పుడు రేపల్లె దిగువ ఊళ్ళల్లో బావులన్నీ ఉప్పుమయం. ఒక పాస్టరుగారు ఎడ్లబండి మీద పీపాలతో మంచినీళ్ళు తీసుకెళ్తుంటే సాయం వెళ్ళాను. అక్కడ చూస్తే, ఒంటిమీద పొడిగుడ్డ లేని జనం కూడా ముందు మావాళ్ళకి, తరవాతే వాళ్ళకి అని తగువు. శవాల వాసన మధ్య కూడా కులమే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది చూశాక కూడా దేవుడున్నాడంటారా?" అని పాస్టరుగారి మీద అరిచాను.

"ముందు ఆ చెంబు ఇలా ఇవ్వండి" అన్నారాయన.

అప్పుడు వినపడింది. "అన్నా, దాహం." పట్టపగలు, నా వెనకనుంచి, స్పష్టంగా. వెనక కూలిన తాటాకు ఇళ్ళు తప్ప ఏమీ లేవు. అటువైపు వెతికేశాం, ఎవరూ మిగల్లేదని ఊరివాళ్ళు అప్పటికే చెప్పారు. పక్కనే ఉన్న పాస్టరుగారికి ఏమీ వినపడలేదు.

మళ్ళీ అదే మాట. విసుక్కుంటూ చెంబుతో బురదలోకి దిగాను. ఒక కప్పు కింద, దూలానికీ గోడకీ మధ్య ఒకావిడ ఇరుక్కుని ఉంది. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. నీళ్ళు నోట్లో పోస్తే సగం కారిపోయాయి, మిగతావి మింగింది. పాస్టరుగారూ నేనూ మోసుకొచ్చి బడిలో పడుకోబెట్టాం.

ఆవిడ తల్లి, చేపలమ్ముకునే ముసలమ్మ, వెతుక్కుంటూ వచ్చి నా చేతులు పట్టుకుంది.

"పిలిచింది కాబట్టి దొరికింది మామ్మా" అన్నాను.

"అది పిలవడమేంటి నాయనా, పుట్టుమూగ."

"మరి నన్ను పిలిచిందెవరు?"

"ఎవరు పిలిస్తే ఏంటి, వెళ్ళావు కదా."

ఇదీ ఒక సమాధానమేనా? పాస్టరుగారిని అడిగితే కళ్ళు తుడుచుకుంటూ బైబిలు తెరిచి, 'దప్పిగొంటిని, నాకు దాహమిచ్చితిరి' అని ప్రభువు అన్న చోటు చూపించారు. ఆ పేజీ నేను వెటకారం చెయ్యడానికి ఎప్పుడో చదివిందే. ఈసారి వెటకారం రాలేదు.

తరవాత బాపట్లలో బాప్తిస్మం తీసుకున్నాను. సాయంత్రం కొట్టు మూసి, ఆస్పత్రిలో దిక్కులేని రోగులకి నీళ్ళు పట్టడం మొదలుపెట్టాను. "ఇంట్లో కుండ నింపడానికి మాత్రం చేతులు రావు" అనేది మా ఆవిడ. నిజమే.

ఆ గొంతు ఆడదో మగదో ఇప్పటికీ చెప్పలేను. ఇంకోసారి వినపడితే, అంతమంది ఉండగా నన్నే ఎందుకు పిలిచావని నిలదీద్దామనుకున్నాను. మళ్ళీ వినపడలేదు. వార్డులో మాత్రం ఎవరో ఒకరు దాహమంటారు. తిట్టుకుంటూనే లేస్తాను.