నా మిజాజుకు తగ్గ అత్తరు

ఆ రోజుల్ల మా సూర్యాపేటల మొగోని చెవిల దూది కనవడితే రెండే అర్థాలు. ఒకటి చెవిపోటు, రెండోది అత్తరు. చెవిపోటోడు మూలుగుతడు, అత్తరోడు మెడ నిక్కిచ్చి నడుస్తడు, గంతే తేడా. ఇప్పటి పోరగాండ్లు బుడ్డి పట్టుకొని చంకలల్ల బుస్సున కొట్టుకుంటరు గని, అప్పుడు అత్తరమ్మే సాయిబు దూదిని పుల్లకు చుట్టి, అత్తరుల ముంచి, చెవి మడతల పెట్టెటోడు. ఇగ రెండు రోజులు మనిషి కన్న వాసన ముందు నడిచేది. నాకు పద్దెనిమిదేండ్లు. మీసం సరిగ రాలే, తెలివి సంగతైతే అడగనే వద్దు. నాకూ నాదంటూ ఒక వాసన ఉండాలె, మలుపుకాడనే జనం "అగో, ఆయన వస్తుండు" అనుకోవాలె అని ఒకటే యావ. (అప్పటికి నాకున్నది కొత్త గుడ్డల గంజి వాసన. అదీ నాది గాదు, నేను పనిజేసే బట్టల దుకాణపు సావుకారుది.)

నిజాం సర్కారుకు అవి ఆఖరి దినాలు. ఊర్లల్ల సర్కారు మీదికి లేచిన సంఘం, ఊరి బయట పోలీసు క్యాంపులు. నాకు నాలుగో తరగతి దాక చదువు చెప్పిన పంతులు సంఘం మనిషని ఊరందరికీ ఎరుకే, పోలీసోళ్లకు తప్ప. నేను మచ్చు గుడ్డల మూట నెత్తిన పెట్టుకొని మిర్యాలగూడ, కోదాడ తిరిగెటోణ్ని గనక నన్నెవరూ ఆపకపోదురు. ఎండాకాలం ఒకనాడు పొద్దుగాల్నే పంతులు నన్ను పిలిచి, గోరంత చీటిని దూదిల చుట్టి నా చెవిల పెట్టిండు. చేతిల ఒక చిన్న బుడ్డి పెట్టిండు.

"ఈ అత్తరు దూదికి రాసుకొని పో. కోదాడ బస్టాండు ఎనక పూటకూళ్లవ్వ ఉంటది, ఆమెకియ్యి. పొద్దు గూకేలోపు చేరకుంటే ఇద్దరి పానాలు పోతయ్, సమజైందా?"

"ఇదేం అత్తరు పంతులూ?"

"ఖస్. వట్టివేళ్లది. నోరు మూసుకొని పో."

సంఘంల పద్ధతి గది. ఎంత అవసరమో అంతే చెప్తరు. చెవిల దూది ఉంది గనక అత్తరుండాలె, లేకుంటే అనుమానమొస్తది, అందుకే ఇచ్చిండని నాకు నేనే అర్థం చెప్పుకున్న. బయటికొచ్చి మూత తీసి వాసన సూస్తే పానం ఉసూరుమన్నది. మా ఇంట్ల తాగే నీళ్ల కుండల అమ్మ వేసే వట్టివేళ్ల వాసనే! మా తాత ధోవతి గూడ గదే వాసన. ఇద్దరి పానాలు కాపాడెటోడు తాత వాసన కొట్టుకుంట పోతడా? రాసుకోకుంట జేబుల ఏసుకున్న.

సావుకారు పని మీద ముందు మిర్యాలగూడ పోయి, ఆడికెల్లి కోదాడ బస్సెక్కాలె. మిర్యాలగూడ బస్సుకాడ అత్తరు సాయిబు పెట్టె తెరిచి కూసున్నడు. నా కాళ్లు వాటంతటవే ఆగినయ్.

"జర ఇటు రా బేటా. నీ మిజాజ్ ఏంది, మనిషివి ఎసుంటోనివి చెప్పు. మిజాజ్ చెప్తే అత్తరు నేను చెప్త."

"వీరుడి మిజాజ్" అన్న. (ఎవరికీ తెల్వకుంట పనిజేసెటోడు అనాల్సిన మాటేనా ఇది?)

సాయిబు నన్ను కింది నుంచి మీది దాక సూసిండు. "అయితే మల్లె తీస్కో."

"అది ఆడోళ్లది గద!"

"నీకు గదే మంచిగుంటది."

నాకు రోషమొచ్చింది. ఇంకా గట్టిది కావాలన్న. గులాబు చూపిండు, మెత్తగున్నదన్న. మొగలి చూపిండు, పాములొస్తయన్న. ఆఖరికి పెట్టె అడుగునుంచి ఒక బుడ్డి తీసి, "ఇది నాలుగు రకాలు ఒక్కకాడ కలిపింది. తన మిజాజ్ ఏందో తనకే తెల్వనోళ్లకు ఇదే ఇస్త" అన్నడు. అది నన్నన్నడని నాకు మూడేండ్ల తర్వాత సమజైంది. పంతులిచ్చిన ఖస్ బుడ్డిని ఆయనకిచ్చి ఆ బుడ్డి తీస్కున్న. దూది మార్చబోయిండు. "దూది ముట్టకు!" అని అరిస్తే, పాపం బెదిరి, పైపైనే సగం బుడ్డి కుమ్మరించిండు.

బొగ్గుతోని నడిచే బస్సు, నడినెత్తి ఎండ, నా చెవిల నాలుగు అత్తర్లు. పక్కన కూసున్న ముసలామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఎవరు పోయిండ్రు కొడుకా? గింత అత్తరు పీనుగ మీదనే సల్లుతరు" అని నా ఈపు నిమిరింది. నేను కిటికీల నుంచి ఇవతలికి మొఖం తిప్పలే.

కోదాడల దిగేసరికి పొద్దు వాలింది. పూటకూళ్లవ్వ కండ్లకు పొరలొచ్చినయ్, మనుషులు మసక మసకగ కనవడ్తరు. నేను గడప దాటంగనే ముక్కు ఎగబీల్చి మొఖం చిట్లించింది.

"అవ్వా, పంతులు పంపిండు" అన్న గుసగుసగ.

"ఏ పంతులు? పంతుళ్లు మా ఇంటికి తినడానికే వస్తారు నాయనా, పంపడానికి కాదు. అన్నానికైతే కూర్చో, కబుర్లకైతే బస్టాండుకి పో."

కూసున్న. అన్నం పెట్టింది, గోంగూర ఏసింది, నెయ్యి మాట ఎత్తలే. చెవి చూపిచ్చిన, కనవడలే. చెయ్యి పట్టుకొని చెవి మీద పెట్టుకున్న. ఆమె చెయ్యి గుంజుకొని, "చెవిపోటా? ఉండు, వెల్లుల్లి కాచిన నూనె పోస్తాను" అని లోపలికి పోబోయింది. "వద్దవ్వా, తగ్గింది!" అని మొత్తుకున్న.

అప్పుడొచ్చిండు లావుపాటి పొగాకు యాపారి. ఆయన గడపల కాలు పెట్టంగనే అవ్వ మొఖం ఎలిగిపోయింది. "వచ్చావా నాయనా! ఎండన పడి వచ్చావు!" అని నెయ్యి మూడు గరిటెలు పోసింది. ఆయన బిత్తరపోయి, మర్యాదలు బాగున్నయని ముద్దలు మింగుతుండు. ఇంతల అవ్వ ఒంగి, ఆయన చెవిల దూదిని చటుక్కున పీకింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! చెవి పీకుతావేమిటే!" అని ఆయన లేచి గంతేసిండు.

అవ్వ వింటలే. దూదిని పోగు పోగు విప్పుతుంది. ఏమీ లేదు. గప్పుడు నా ముక్కుకు తగిలింది ఆయన వాసన. వట్టివేళ్లు! పంతులిచ్చింది సోకుకు కాదురా, గురుతుకు! కండ్లు కనవడని అవ్వకు మనిషిని గుర్తుపట్టే గురుతు! బుడ్డి సూస్తే మిర్యాలగూడల సాయిబు పెట్టెల ఉన్నది, బయట పొద్దు సూస్తే చెట్ల మీదికి దిగింది.

మూలకు తాగే నీళ్ల కుండ, అందుల వట్టివేళ్లు. ఇగ ఆలోచించలే. ఉరికి, కుండ ఎత్తి నెత్తిన కుమ్మరించుకున్న.

"అయ్యో నా కుండ!" అని మొత్తుకుంట వచ్చిన అవ్వ దగ్గరికి రాంగనే ఆగింది. నా నెత్తి కాడికి ముక్కు తెచ్చి వాసన సూసింది. మెల్లగ చెవిల చెయ్యి పెట్టి దూది తీసింది. వేళ్లకు చీటి తగిలింది.

"ఇంతసేపూ ఏం చేస్తున్నావురా వెధవా?"

"అన్నం తింటున్ననవ్వా."

చీటి పట్టుకొని ఎనకకు పోయింది. పిడకల కొట్టంల దాగిన ఇద్దరు సంఘం మనుషులొచ్చిండ్రు, గడ్డాలు పెరిగి, ఒంటినిండ దుమ్ము. ఒకాయన చీటి చదివి ఎనక తలుపు తీసిండు. రెండో ఆయన పోతూ పోతూ నా దిక్కు వాసన పీల్చి, "ఎవడుర ఈ పెండ్లికొడుకు?" అన్నడు. ఆ రాత్రికే నిజాం సరిహద్దు దాటిండ్రు. తెల్లారి క్యాంపు పోలీసోళ్లొచ్చి కొట్టమంత తవ్విపోస్తే పిడకలే దొరికినయట.

చీటి రాసింది తడి తగిలితే ఊదా రంగు దిగే పెన్సిల్‌తోని. తడిసేసరికి నా చెవి వారం రోజులు వంకాయ రంగుకున్నది. పంతులు ఆ చెవి సూసి, "ఖస్ ఏమైందిర?" అన్నడు. దాచకుంట చెప్పిన. కడుపు పట్టుకొని నవ్విండు. నవ్వీ నవ్వీ ఆగి, "వాసన కోసం ఇద్దర్ని సంపెటోనివి గదరా" అన్నడు. కొట్టినా బాగుండు. ఆయన ముందే కూసొని ఏడ్చిన.

చానేండ్లకు, సర్కార్లు మారినంక, కోదాడ మీదుగ పోతూ అవ్వ కాడ దిగిన. చెవిల ఖస్ దూది పెట్టుకొనే పోయిన. అప్పటికి ఆమెకు కండ్లు పూర్తిగ పోయినయ్. నేను కూసోంగనే చెయ్యి చాపి, తడుముకుంట నా చెవిల దూది తీసి, పోగులు విప్పుకుంట, "ఏం తెచ్చావు నాయనా?" అన్నది. గొంతుల ఎనకటి భయమే.

"ఏం తేలేదవ్వా. ఊరికె నిన్ను సూసిపోదామని వచ్చిన."

"ఊరికే వచ్చావా!" అని నవ్వి, అన్నంల నెయ్యి పోసింది. లెక్కపెట్టిన, మూడు గరిటెలు.

ఇప్పటికీ ఆ ఖస్సే పెట్టుకుంట. నా మిజాజుకు సరిపోతదో లేదో ఇప్పటికీ తెల్వదు. పక్కన కూసుంటే ఇంట్ల పిల్లలు ముక్కులు మూసుకొని, "తాత వాసన" అంటరు. ఏం జేస్తం, తాతనే గద.