మునిరాజన్న నాకు ఇవ్వని రౌండ్

నిన్న సాయంత్రం ఐదున్నరకు ఫోన్ వచ్చింది. హోసూరు నుంచి శీనప్ప, మా మునిరాజన్న తమ్ముడు.

"అన్న ఇంక లేడప్పా. కంప్యూటర్ ముందరే, కుర్చీలోనే..."

అదెట్లా అవుతుంది అన్నాను.

ఎందుకంటే మధ్యాహ్నం రెండున్నర దాకా నేను ఆ మనిషితోనే ఆడుతున్నాను. నేను కృష్ణగిరిలో నా కంప్యూటర్ ముందు, ఆయన హోసూరులో ఆయన కంప్యూటర్ ముందు. ఆదివారం కదా, మామూలే.

ఈ పొద్దు వాళ్ళ సొంతూరు రాయకోటలో, వాళ్ళ చేనులోనే అన్నను పూడ్చి మట్టి వేసి వచ్చాను. నా చేత్తోనే వేశాను. అయినా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా.

తొంభైల్లో హోసూరు బస్టాండ్ వెనక ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. రూపాయి కాయిన్ వేస్తే ఇద్దరు కొట్టుకునే ఫైటింగ్ గేమ్. మూడు రౌండ్లలో రెండు గెలిచినవాడు మెషీన్ దగ్గరే ఉంటాడు, ఓడినవాడు తప్పుకోవాలి. నేను ఐటీఐ క్లాసులు ఎగ్గొట్టి అక్కడే పడి ఉండేవాడిని. మునిరాజన్న ఫ్యాక్టరీలో టర్నర్. షిఫ్ట్ దిగి యూనిఫాంతోనే వచ్చేసేవాడు. ఆయన్ని ఓడించినవాడిని నేను చూడలేదు.

కానీ ఒక అలవాటు ఉండేది ఆయనకు. మొదటి రౌండ్ గెలిచేవాడు. రెండో రౌండ్‌లో స్టిక్ వదిలేసి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఎదుటివాడు ఇష్టమొచ్చినట్టు కొట్టి ఆ రౌండ్ గెలుచుకునేవాడు. మూడోది మళ్ళీ అన్నదే.

"అంచెట్టి నుంచి బస్సు పట్టుకొని వచ్చినాడప్పా వాడు. రెండు నిమిషాల్లో ఇంటికి పంపించేస్తే ఏం బాగుంటుంది?" అనేవాడు.

అందరూ మెచ్చుకునేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఓడిపోతే ఓడిపోతాను, ఈ బిచ్చం ఏమిటి? ఒక రోజు అందరి ముందే మెషీన్ మీద గుద్ది చెప్పేశాను.

"నాకు రౌండ్ ఇయ్యొద్దన్నా. ఇచ్చినావంటే ఇంక నీతో ఆడను."

ఆయన నవ్వలేదు.

"సరేప్పా. నీకు మాత్రం ఎప్పుడూ ఇయ్యను. మాట."

ఆ తర్వాత నెలల తరబడి నన్ను చితక్కొట్టాడు. చూడలేక షాపు ఓనర్ కూడా "ఒక్కటి ఇచ్చేయప్పా పాపం" అన్నాడు.

"మాట ఇచ్చినానే, ఎట్ల?" అన్నాడు మునిరాజన్న, నన్ను ఇంకోసారి ఓడిస్తూ.

షాపు మూతపడింది. నాకు కృష్ణగిరిలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళిళ్ళయ్యాయి. తర్వాత ఇళ్ళకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, అదే పాత గేమ్ నెట్‌లో దొరికింది. మళ్ళీ మొదలు.

ఆన్‌లైన్‌లో ఎవడి మొహం ఎవడికీ తెలీదు. ఓడిపోతున్నామని తెలియగానే వైరు పీకేసి పారిపోయేవాళ్ళు చాలామంది. నేనూ రెండుసార్లు పీకాను, ఇప్పుడు దాచి ఏం లాభం.

అన్న అక్కడా అంతే. సరదాకి ఆడే కొత్తవాడు దొరికితే ఒక రౌండ్ ఇచ్చేవాడు. ఎదుటి బొమ్మ కదలకుండా ఆగిపోతే కొట్టేవాడు కాదు.

"నెట్ పోయిందో, ఇంట్లో ఎవరన్నా పిలిచినారో. రవ్వంతసేపు ఆగితే మన సొమ్మేం పోతుందప్పా?"

నేను ఆగేవాడిని కాదు. కదలకపోతే వాడి ఖర్మ అనుకునేవాడిని. గెలుపు గెలుపే.

నాకు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క రౌండ్ కూడా ఇవ్వలేదు. ఆయన మీద నేను గెలిచిన నాలుగు ఆటలూ నేను నిజంగా గెలిచినవే. అది నాకు ఎంత గర్వమో మా ఆవిడను అడగండి.

నిన్న చెరొక రౌండ్ అయింది. మూడోదానిలో ఆయన బొమ్మ, ఆ లావు పహిల్వాన్, నన్ను మూలకు నెట్టేశాడు. ఇంకొక్క దెబ్బ వేస్తే నా పని అయిపోతుంది.

ఆగిపోయాడు.

నా ఎదురుగా ఊరికే నిలబడ్డాడు. పైన టైమ్ తగ్గుతూ ఉంది.

రౌండ్ ఇస్తున్నాడు అనుకున్నాను.

పదిహేనేళ్ళ నాటి మాట ఇవాళ తప్పాడు, నా మీద జాలిపడ్డాడు అనుకున్నాను. కొట్టాను. కదలని మనిషిని, లైఫ్ మొత్తం అయిపోయేదాకా కొట్టాను. తర్వాత చాట్‌లో టైప్ చేశాను: "మాట తప్పినావన్నా. ఇంక నీతో ఆడను."

కంప్యూటర్ ఆపేసి పడుకున్నాను.

వదిన వాళ్ళ చెల్లెలి ఇంటికి జవళగిరి వెళ్ళి ఉంది. ఐదింటికి శీనప్ప వెళ్ళేదాకా ఇంట్లోకి ఎవరూ రాలేదు. స్క్రీన్ మీద నా మాటలు అలాగే ఉన్నాయట. శీనప్ప చదివాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నేను ఆ నిమిషంలోనే ఫోన్ చేసి ఉంటే బతికేవాడా? డాక్టర్‌ని అడిగే ధైర్యం నాకు లేదు.

పొద్దున వదిన నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"అందరితో ఆడేది సరదాకంటప్పా. నీతో ఆడేటప్పుడు మాత్రం చేతులు చెమట పడతాయి అంటుండె. ఆదివారం వస్తే నీ కోసరం ముందే అన్నం తినేసేవాడు."



నాతో ఆడేవాళ్ళందరికీ ఒక్క మాట. ఎదుటివాడు ఆగిపోతే మీరూ ఆగండి. నంబర్ తెలిస్తే ఫోన్ చేయండి.

అన్నా, నువ్వు మాట తప్పే మనిషివి కాదని అందరికంటే నాకే బాగా తెలుసు. అది ఒక్కటి నమ్మి ఉంటే, నీ బొమ్మ ఆగినప్పుడే ఏదో జరిగిందని తెలిసిపోయేది.

నువ్వు నాకు రౌండ్ ఇవ్వలేదు. నిన్నటి ఆట నీదే.

పోయిరా అన్నా. నీకు నెమ్మది దొరకాలి.