గాజులు తీయించిన మా అత్తమ్మ

కడుపుతో ఉన్న కూతురి చేతి గాజులు, నిండు పేరంటంలో తీయించే ధైర్యం మీలో ఎవరికుంది? మొన్న కోదాడలో కన్నుమూసిన మా అత్తమ్మకు ఉండేది. ఊరూరా గొంతు చించుకుని బైబిలు వాక్యం చెప్పే నేను, ఆమె సమాధి దగ్గర ప్రార్థన ఒక్కటే చేసి, ఈ సంగతి చెప్పకుండా వచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

నా భార్యకు ఏడో నెలలో మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. మిర్యాలగూడ దవాఖానలో సల్ఫా బిళ్లలు ఇచ్చారు. జ్వరం దిగింది. ఆ బిళ్లలు మింగుతూనే గాజుల వేడుకకు కోదాడలోని పుట్టింటికి వెళ్లింది.

నేను గడప అవతల లేఖనం విప్పుకుని కూర్చున్నాను. లోపల గాజులామె చెయ్యి నొక్కి నొక్కి ఇరుకు గాజులు ఎక్కిస్తోంది. నొక్కిన చోటల్లా నల్లగా కమిలింది. చేరిన ఆడవాళ్లు దిష్టి అన్నారు, ఇంకా వేయమన్నారు. అత్తమ్మ మాత్రం కూతురి కుచ్చెళ్లు పైకి జరిపింది. పిక్కల నిండా ఆవగింజలంత ఎర్రచుక్కలు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లలో నెత్తురు.

తీసెయ్యమంది గాజులామెను. అత్తమ్మ పెద్ద కోడలు అడ్డుపడింది. చేతులు బోసిగా ఉంటే మొగుడికి కీడట. ఆ మొగుణ్ని నేనే.

"గాజులు మల్ల కొనొచ్చు. బిడ్డను ఏ అంగట్ల కొంటవే?" అంది అత్తమ్మ.

ప్రార్థన చేద్దామని నేను లేచాను. అల్లుడి ముఖం చూసి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. గోడ వైపు చూస్తూనే, "చెయ్యి అయ్యా. బస్సుల కూసొని చెయ్యి," అంది.

సూర్యాపేట దవాఖానకు పోయే దారంతా కూతురి తల ఒడిలో పెట్టుకుని, బస్సు కుదిపినప్పుడల్లా చిగుళ్లు చూసింది. అక్కడ డాక్టరమ్మ నెత్తురు చుక్కను మైక్రోస్కోపు అద్దం కింద పెట్టి చూసింది. నెత్తురును గడ్డకట్టించే కణాలు పడిపోయాయనీ, ఈ బిళ్లలే చేసి ఉంటాయనీ, ఇప్పుడు పురుడొస్తే నెత్తురు ఆగడం కష్టమనీ చెప్పింది. బిళ్లలు మాన్పించి అక్కడే ఉంచుకుంది. అత్తమ్మ మందును తిట్టలేదు. మంచి మందే కావచ్చు, మా పిల్లకు పడలేదంది. తెల్లారగానే కొంగుతో పిక్కలు తుడిచి, కొత్త చుక్క లేచిందేమోనని వెతికేది. ఒక పొద్దున నన్ను పిలిచింది.

"సూడు అయ్యా, వాడిపోతున్నయ్."

నెలలు నిండాక పుట్టిన మా పాప, మొన్న అమ్మమ్మ పాదాల మీది బంతిపూరేకు తీసి నోట్లో పెట్టుకోబోయింది.

సోదరులారా, మీ ఇంట్లో గర్భిణి బిళ్లలు మింగుతోందా? ఈ పూటే ఆమె పిక్కలు చూడండి, చిగుళ్లు చూడండి. చుక్కలుంటే ఆ బిళ్లలు చేతపట్టుకుని దవాఖానకు నడవండి. రేపు అనకండి. లేవండి.