అత్తయ్యగారి గొంతు, నా కబురు

మా మరిది మస్కట్ వెళ్లిన కొత్తలో మా ఇంట్లో ఫోన్ లేదు. కొత్తపేటలో మా ఆయనకి జిరాక్స్ షాపు, అందులోనే ఎస్టీడీ బూత్ ఉండేవి. మరిది శుక్రవారాలు అక్కడికి ఫోన్ చేసేవాడు. ఆ ఫోన్ అందుకోడానికి మా అత్తయ్యగారు ఊళ్లోంచి బస్సెక్కి రావాలి. తీరా వచ్చాక, బూత్ బయట జనం నిలబడి ఉంటే ఆవిడకి నోరు పెగిలేది కాదు. బాగున్నావా, బాగున్నాను అనేసి రిసీవర్ నా చేతిలో పెట్టేసేవారు. ఉత్తరం రాద్దామంటే చెయ్యి తిరగదు. అందుకని మరిది మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు ఒక టేప్‌రికార్డర్ తెచ్చి, ఎర్ర మీట నొక్కితే మాట ఎక్కుతుందని నేర్పి వెళ్లాడు.

అప్పట్నుంచీ ఆవిడ మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవారు. ఏం చెప్పేవారో మేం అడిగేవాళ్లం కాదు. మధ్యలో పాటలు మాత్రం వినపడేవి. ఆవిడ మంచి పాటగత్తె. లాలిపాటలు, హారతులు తనే కట్టేవారు. వరసలు వాళ్లమ్మగారి దగ్గర నేర్చినవి, మాటలు ఆవిడవి. రేవులో పడవ కోసం ఏడుస్తున్న పిల్లాడికి గోదావరే తల్లై జోకొట్టడం మీద ఒక పాట ఉండేది. పాడినప్పుడల్లా ఒకటి రెండు మాటలు మార్చేసేవారు. కేసెట్టు నిండాక, మస్కట్ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఆవకాయ జాడీతో పాటు గుడ్డలో చుట్టి పంపేవారు.

ఆ రోజుల్లోనే నాకు కడుపు నిలవక పోయింది. అది రెండోసారి. అమలాపురం డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదనే నేనూ కోరుకున్నాను. షాపులో అడిగినవాళ్లకి జ్వరం వచ్చి తగ్గిందని చెప్పాను. నాలుగు రోజులు పోయాక మళ్లీ మెషిన్ ముందు నిలబడి కాగితాలు తీస్తూ, వచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడేదాన్ని. నవ్వుతూ ఉంటే ఎవరూ ఏమీ అడగరని ఒక ధైర్యం.

ఆ తరవాతి వేసవిలో రాయవరంలో బంధువుల ఇంట పెళ్లికి వెళ్లాం. కొబ్బరిచెట్టుకి మైకు కట్టారు. సన్నాయి వాళ్లు కాఫీకి లేచినప్పుడు మైకు అతను ఏదో కేసెట్టు పెట్టాడు. నేను ఆడవాళ్లతో కలిసి వంటల పందిట్లో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నాను. పాట మొదలవగానే చెయ్యి ఆగింది. అది అత్తయ్యగారి గొంతు. ఆ పడవ పాటే. నాకు నవ్వొచ్చింది, సంతోషం కూడా వేసింది. పక్కావిడ మోచేతిని తట్టి, మా అత్తయ్యగారేనండి అని గర్వంగా చెప్పాను కూడా.

పాట అయిపోయింది. మైకులో ఆవిడ ఒకసారి దగ్గారు. తరవాత, గదిలో పక్కన కూచున్నవాళ్లతో చెప్పినంత మెల్లిగా, ఇలా అన్నారు:

"మీ వదినకి ఈసారీ నిలవలేదురా నాన్నా. దాని మొహం చూడలేకపోతున్నాను."

వెంటనే ఇంకో పాట మొదలైంది. మైకు అతను ఏదీ గమనించినట్టు లేదు. పందిట్లో మాత్రం కత్తిపీటల చప్పుడు ఆగిపోయింది. ఎవరి గొంతో నేనే కదా ముందు చెప్పాను. ఇంక వదినెవరో ఎవరూ అడగక్కర్లేదు. అత్తయ్యగారు పసుపు పళ్లెం పట్టుకుని పందిరి గుంజ దగ్గర నిలబడిపోయారు. నా వైపు చూడలేదు. పెద్దావిడ ఒకరు నా పక్కకి జరిగి, వీపు మీద చెయ్యి వేసి, ఎన్నో నెలమ్మా అని అడిగారు. ఆవిడ మంచికే అడిగారు. ఆ చెయ్యి తీస్తే బాగుండునని ఎంత అనుకున్నానో నాకే తెలుసు.

పెళ్లి ముహూర్తం దాకా ఉండలేదు మేం. బయల్దేరే ముందు మా ఆయన మైకు అతన్ని అడిగి ఆ కేసెట్టు చూశారు. మీద అమ్మవారి బొమ్మ, మంగళహారతులు–లాలిపాటలు అన్న అక్షరాలు ఉన్నాయి. పాడినవారి పేరు లేదు. అమలాపురంలో కొన్నానండి, బాగా అడుగుతున్నారు అందరూ, అన్నాడట అతను.

శుక్రవారం మరిది ఫోన్ చేసినప్పుడు నేనే మాట్లాడాను. మొదట అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక జరిగింది చెప్పాడు. తన గదిలో రాజోలు వైపు అతను ఒకడు ఉంటాడట. అమ్మ పాటలు పెట్టినప్పుడల్లా పక్కన కూచుని వినేవాడట. సెలవుకి ఇంటికి వెళ్తూ ఒక కాపీ ఇమ్మని అడిగాడట.

"వాడికి అమ్మ లేదొదినా. కాదనలేకపోయేను. మధ్యలో అమ్మ మాటలున్నాయన్న సంగతే తట్టలేదు."

ఆ రాజోలు అతని భార్య, చుట్టుపక్కల వాళ్లు అడుగుతున్నారని నాలుగు కాపీలు చేయించడానికి అమలాపురంలో కేసెట్ల షాపుకి ఇచ్చింది. షాపాయన విని, బాగున్నాయని తనూ ఒకటి ఉంచుకుని, దానికి కాపీలు తీసి అమ్మడం మొదలుపెట్టాడు. ఇందులో ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. ప్రతివాళ్లూ ఇష్టంతోనే చేశారు. ఆ ఇష్టమే చేతులు మారుతూ వచ్చి వంటల పందిట్లో నా మీద పడింది.

ముగ్గురం అమలాపురం వెళ్లాం. నేను రానన్నాను గాని అత్తయ్యగారు ఒప్పుకోలేదు. షాపాయన మర్యాదస్తుడు. ఆయ్, రండి, కూచోండి అని స్టూళ్లు వేసి, విషయం అంతా విన్నాడు. ఇవి ఊళ్లలో పాడుకునే పాటలు కదండి, ఫలానావారివని ఎలా చెప్తామండి, అన్నాడు. మా ఆయనకి కోపం వచ్చింది. కాపీ చేసి అమ్మడం నేరం తెలుసా అన్నారు. షాపాయన గొంతు పెంచలేదు.

"మీది కొత్తపేటలో జిరాక్స్ షాపు కదండి. మా మేనల్లుడు ఇంటరు గైడు మొత్తం మీ దగ్గరే కాపీ తీయించుకున్నాడండి. ఆ రాసినాయన మీ దగ్గరికొచ్చి అడిగేరాండి?"

అప్పుడు అత్తయ్యగారు ముందుకు జరిగారు.

"పాటలు ఉంచుకో బాబూ. ఎవరు పాడుకుంటే నాకేం. ఆ మాటొక్కటీ తీసెయ్యి."

షాపాయన ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. ఆడవాళ్లు ఆ కేసెట్టు అడుగుతున్నదే ఆ మాట కోసమని చెప్పాడు. మొన్న ఒకావిడ ఇక్కడే నిలబడి విని కళ్లు తుడుచుకుని వెళ్లారని చెప్పాడు. చెబుతూ చెబుతూ నా మొహం చూసి ఆగిపోయాడు. నేనెవరో అప్పుడు తెలిసినట్టుంది. లోపలికి వెళ్లి అసలు కేసెట్టు తెచ్చి, మా ముందే మెషిన్‌లో పెట్టి, ఆ మాట ఉన్నచోట ఖాళీగా రికార్డు నొక్కి తుడిచేశాడు.

"నా దగ్గరున్నదైతే పోయిందండి. బయటికెళ్లినవి మాత్రం నా చేతిలో లేవండి," అన్నాడు.

తిరుగు బస్సులో అత్తయ్యగారు నా పక్క సీట్లో కూర్చున్నారు. చాలాదూరం కిటికీలోంచి బయటికే చూశారు. నాకు అడక్కుండా ఉండటం చేతకాలేదు. నా మొహం చూడలేకపోవడమేమిటి, నా మీద అంత విసుగొచ్చిందా అని అడిగాను. ఆవిడ ఉలిక్కిపడ్డారు.

"అదేం మాటమ్మా. నువ్వు రోజూ నవ్వుతూ కాఫీ తెచ్చిచ్చేదానివి. ఆ నవ్వు చూస్తే నాకు గుండె పట్టేసేది. నీతో అనలేక వాడితో చెప్పుకున్నాను."

ఆ మాట మా ఇంట్లో, మా ఇద్దరి మధ్య అని ఉంటే నేను ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేదాన్నేమో. రాయవరం పందిట్లో అందరూ విన్నాక నాకు ఏడుపు రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, అంతే.

షాపుకి కాగితాలు తీయించుకోడానికి వచ్చే ఒక వకీలుగారిని మా ఆయన అడిగారు. పాట కట్టినవాళ్లకి దాని మీద హక్కుంటుందండి, రుజువు చూపించాలి మరి, అన్నారాయన. మరి ఆ మాట సంగతేమిటని అడిగితే, ఎవరి పేరూ లేదు కదండి, పరువు నష్టం కూడా కాదు, అన్నారు. ఆయన తప్పు చెప్పారని కాదు. నాకు మాత్రం ఈనాటికీ ఆ జవాబు సరిపోలేదు. పాట అత్తయ్యగారిది, గొంతు అత్తయ్యగారిది. కబురు నాది. నా ఒంట్లో జరిగినది. దాన్ని కాపీ చెయ్యొచ్చా అని నన్ను ఎవరూ అడగలేదు. అడగాలని ఏ పుస్తకంలోనూ లేనట్టుంది. పాటలు ఊళ్లు తిరిగితే నష్టం లేదని నా అభిప్రాయం. వాటిని కట్టేది అందుకే. ఒకరితో చెప్పిన మాట వేరు. అది ఆ ఒకరి దగ్గరే ఉండాలి. మెషిన్‌కి ఆ రెంటికీ తేడా తెలియదు. పట్టుకున్నవాళ్లకైనా తెలియాలి కదా.

అప్పట్నుంచి నాకు ఎక్కడా కుదురు లేకుండా పోయింది. ఎక్కడ మైకు మోగినా నా చెవి అటే పోయేది. బస్సులో డ్రైవరు కేసెట్టు మారుస్తుంటే ఊపిరి బిగబట్టుకునేదాన్ని. పాటకి ముందు వచ్చే చిన్న గరగర చప్పుడుతోనే అది మాదో కాదో తెలిసిపోయేది. ఒకసారి కపిలేశ్వరపురం రేవు దగ్గర టీ కొట్లో ఆ పడవ పాట మొదలైతే, టీ సగంలో వదిలేసి ఎండలో చాలాదూరం నడిచిపోయాను. షాపులో ఎవరైనా రహస్యమైన కాగితం తెస్తే, వీలునామాయో, ఆసుపత్రి రిపోర్టో, అక్షరాలు కనపడకుండా తిప్పి పెట్టి తీసేదాన్ని. చెడిపోయిన కాపీలు బుట్టలో వెయ్యకుండా చింపి ముక్కలు చేసేదాన్ని. మా ఆయన నవ్వేవారు. నా చేతులు ఊరుకునేవి కావు.

అత్తయ్యగారు ఇంక కేసెట్లు పంపలేదు. ఇంటికి ఫోన్ వచ్చాక మరిదితో మాట్లాడేటప్పుడు ముందు, నీ పక్కన ఎవరున్నారురా అని అడిగేవారు. ఎవరూ లేరన్నా నమ్మకం కుదిరేది కాదు. కూరలు, వానలు, కొబ్బరికాయ ధర, ఇవే మాట్లాడేవారు. ఒకసారి మరిది నాతో, అమ్మ దగ్గర కబుర్లే లేకుండా పోయేయొదినా అన్నాడు. ఎంత బాధగా అన్నాడో.

తరవాత నాకు అమ్మాయి పుట్టింది. బారసాల రోజు ఉయ్యాల దగ్గర అత్తయ్యగారు పాట ఎత్తుకోబోతే ఎవరో టేప్‌రికార్డర్ తెచ్చి పక్కన పెట్టారు. ఆవిడ నోరు మూసేసుకున్నారు. అది తీసుకెళ్లి పక్క వీధిలో పెట్టి రండి, అప్పుడు పాడతాను అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. అది బయటికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు పాడారు. నా కూతురికి ఆవిడ పాడినది కొత్త పాట. అది ఏ కేసెట్టులోనూ లేదు. నాకూ పూర్తిగా గుర్తు లేదు.

కేసెట్లు పోయి సీడీలు వచ్చాయి. హమ్మయ్య, ఆ మాట కూడా పోయినట్టే అనుకున్నాను. సీడీలూ వెనకబడి, సెల్‌ఫోన్‌లో మెమరీ కార్డు వేయించుకుని వందల పాటలు ఎక్కించుకునే రోజులు వచ్చాయి. మా అమ్మాయి హైస్కూల్లో ఉండగా ఒక ఆదివారం మా తోడికోడలు, అంటే ఆ మరిది భార్య, ఇంటికొచ్చింది. అమ్మాయి ఆవిడ ఫోన్ తీసుకుని పాటలు వెతుక్కుంటోంది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. కొంతసేపటికి అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఇది నానమ్మ గొంతు కదూ? వదినంటే నువ్వేనా?"

తోడికోడలికి ఏ పాపమూ తెలియదు. అమలాపురంలో పాటలు ఎక్కించే షాపులో పాత లాలిపాటలు వెయ్యమందట. ఎవరి దగ్గరో మిగిలిపోయిన తుడవని కాపీ కంప్యూటర్‌లోకి చేరి, అక్కణ్నుంచి ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో. ఆవిడ ఆ ఫైలు ఎప్పుడూ తెరిచి వినలేదు కూడా.

అమ్మాయికి అబద్ధం చెప్పే వీలు లేదు. అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. నీ ముందు ఇద్దరు నిలవలేదని, ఒకరు మూడో నెలలో, ఒకరు అయిదో నెలలో అని, ఆస్పత్రి గోడ ఏ రంగులో ఉందో కూడా చెప్పాను. అంతవరకూ ఆ సంగతి నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు. మైకే చెప్పింది, మస్కట్ గదుల్లో టేప్‌రికార్డర్లు చెప్పాయి. అమ్మాయి చాలాసేపు నా తడి చీరకొంగు పిండుతూ కూర్చుంది. నానమ్మకి తెలుసా ఇది ఫోన్లో ఉందని, అని అడిగింది. తెలియదని చెప్పాను. అత్తయ్యగారికి అప్పటికే చెవులు సరిగా వినపడటం లేదు. లోపల మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు.

అమ్మాయి పిన్ని ఫోన్లోంచి ఆ పాట తీసేసింది. నన్ను అడగలేదు. తీసేశాక వచ్చి చెప్పింది. మంచిపని చేశావన్నాను. ఆ మాట అన్నాకే ఒక సంగతి తట్టింది. ఆ పడవ పాట అత్తయ్యగారు మానేసి చాలా ఏళ్లయింది. ఇక పాడరు కూడా. మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. ఎవరెవరివో ఫోన్లలో మాత్రం ఉంటుంది. వాళ్లు వింటూ మా అత్తయ్యగారెవరో, నేనెవరో తెలియకుండా కళ్లు తుడుచుకుంటూ ఉంటారు.

ఇప్పుడు మా అమ్మాయికీ ఒక ఫోన్ ఉంది. స్నేహితురాళ్ల ఫొటోలు, గొంతులు అన్నీ అందులో దాచుకుంటుంది. ఎవరికి పంపుతున్నావు, వాళ్లని అడిగావా అని నేను అడుగుతూనే ఉంటాను. దానికి విసుగు. ప్రతిదానికీ అడగరమ్మా అంటుంది. అడగాలి అంటాను. కాసేపు వాదించుకుని ఎవరి పనిలోకి వాళ్లం వెళ్తాం. వెళ్లిన కాసేపటికి నేనే మళ్లీ దాని గది గుమ్మం దాకా వచ్చి, ఏదో వెతుకుతున్నట్టు నిలబడతాను.